వాడుకోమని ఇచ్చిన బొమ్మ

వీరవేణిని మొదటిసారి చూసినప్పుడు నేను అరుస్తున్నాను. ఒక చేతిలో గొడుగు, ఇంకో చేతిలో తడిసిన ఫ్లెక్సు చుట్ట.

“ఇదేంటండీ ఇది? మా షాపు మూయించాలనా మీ ఉద్దేశం?”

కంప్యూటర్ ముందు కూర్చున్న అమ్మాయి తల కూడా తిప్పలేదు. తెర మీద ఎవరో పెళ్ళికొడుకు మొహానికి తెలుపు అద్దుతోంది.

“ఒక్క నిమిషమండి. ఈయన పెళ్ళి సాయంత్రమే.”

పెళ్ళికొడుకు తెల్లబడేదాకా ఆగాను. తర్వాత ఫ్లెక్సు విప్పి నేలమీద పరిచాను. ఎర్రటి అక్షరాలు, ఒక్కొక్కటి అడుగు ఎత్తు. “మా కారం తిన్నవారు మళ్ళీ రారు.”

పాలకొల్లు మెయిన్ రోడ్డులో, మా కిరాణా షాపు నెత్తిన, పొద్దున్నుంచీ పదకొండింటి దాకా అది వేలాడింది. చదివినవాళ్ళంతా లోపలికొచ్చి మరీ నవ్వి వెళ్ళారు.

“‘మళ్ళీ రారా’ అని కదండీ నేను పంపింది! రారా అంటే ప్రశ్న!”

ఆ అమ్మాయి ఫోన్ తీసి, నా వాట్సాప్ మెసేజ్ వెతికి, నా ముందు పెట్టింది.

“దీర్ఘం పెట్టాల్సిన చోట కొమ్మిచ్చారండి మీరు. మీరు పంపిందే వేశాం. నాకూ డౌటొచ్చింది. నిజాయితీగల షాపేమోలే అనుకున్నా.”

నాకు కోపం రావాలి. నవ్వొచ్చింది. అది కనపడకుండా, “సరే, సరిచేసివ్వండి,” అన్నాను గంభీరంగా.

“పేరు చెప్పండి.”

“ఈశ్వర్.”

“ఆర్డరు కుక్కుటేశ్వరరావు గారి పేరు మీద ఉందే?”

“నేనే. పిఠాపురంలో మా అమ్మ మొక్కుకుంది.”

“ఓహో.” పెదవి బిగబట్టింది. “వస్తూనే అలా కూస్తుంటేనే అనుకున్నాను.”

కొత్త ఫ్లెక్సు వెయ్యలేదు. సాయంత్రం ఎర్ర రంగు డబ్బా, బ్రష్షు పట్టుకుని తనే వచ్చింది. తుంపర పడుతుంటే స్టూలెక్కి, కొమ్ముని చెరిపి దీర్ఘం చేసింది. స్టూలు పట్టుకున్నవాణ్ణి నేను, గొడుగు పట్టుకున్నవాణ్ణీ నేనే. గొడుగు మొత్తం ఆమె మీదే ఉంది కాబట్టి నేను పూర్తిగా తడిశాను. అదేం బాధ అనిపించలేదు.

కృతజ్ఞతగా మా కరివేపాకు కారం ప్యాకెట్టొకటి ఇచ్చాను. బీకాం అయ్యాక మా నాన్న సత్యప్రసాద్ గారి షాపులో కూర్చుని, పప్పులూ ఉప్పులూ అమ్మడం కాదు, మనదంటూ ఒక సరుకు ఉండాలని నేను మొదలుపెట్టిన కారాలవి.

మర్నాడు ఆమె వచ్చి ప్యాకెట్టు కౌంటర్ మీద పెట్టేసింది.

“మా నాయనమ్మ ఇచ్చెయ్యమందండి.”

“నచ్చలేదా?”

“నచ్చలేదని అనలేదు. ‘ఈ కుర్రాడికి ఇంట్లో పెద్దవాళ్ళెవరూ లేరా పాపం’ అంది.”

ఆ ఆదివారమే నేను లంకలకోడేరు వెళ్ళాను.

వీరవేణి వాళ్ళది కొబ్బరి తోటల మధ్య పెంకుటిల్లు. నాన్న గంగరాజు గారు తోట చూసుకుంటారు, మాటలు తక్కువ. వేణి చిన్నప్పుడే అమ్మ పోయింది. ఆమెని పెంచింది నాయనమ్మ రత్తమ్మ. ఎనభై దాటిన మనిషి. నోట్లో పళ్ళు నాలుగు, మాటలు నాలుగు వేలు.

“నువ్వేనా ఆ కారం చేసిన మారాజువి? రా, కూర్చో. నీ కారంలో వెల్లుల్లి ఏడుత్తంది రా అబ్బాయ్.”

“ఎందుకండీ మామ్మగారూ?”

“దంచావు కాబట్టి. వెల్లుల్లిని దంచకూడదు. చివర్న వేసి నలపాలి. మిరపకాయ వేయించేటప్పుడు నువ్వు దగ్గాలి, ఊరు దగ్గకూడదు. లే, రోలు కడుగు.”

నాలుగు ఆదివారాలు రోలు కడిగాను. వేణి అరుగు మీద కూర్చుని పుస్తకంలో బొమ్మలు వేస్తూ ఉండేది. ఫ్లెక్సులు తిండి కోసం, బొమ్మలు తన కోసం. తన చిన్నప్పుడు నాయనమ్మ చెప్పిన కథలన్నిటికీ బొమ్మలు గీసి పిల్లల పుస్తకం చెయ్యాలని రెండేళ్ళుగా పట్టుబట్టి కూర్చుంది.

“ఇందులో నేనున్నానా?” అని తొంగిచూశాను ఒకసారి.

“ఉన్నారు. రోలు పక్కన కోడి.”

నిజంగానే ఉంది. జుట్టు మాత్రం నాదే.

ఐదో ఆదివారం ఇద్దరం చించినాడ వంతెన దాకా వెళ్ళాం. సగంలో వాన అందుకుంది. బండి ఆపి, తలదాచుకునే చోటు లేక, రెయిలింగ్ పక్కన గోదారిని చూస్తూ నిలబడ్డాం. నీళ్ళ మీద పడే చినుకులు కిందనుంచి పైకి మొలుస్తున్నట్టున్నాయి.

“వేణి గారూ.”

“ఊఁ.”

“మీ ఇంటికి రాకపోతే ఆదివారం కూడా సోమవారంలాగే ఉంటోందండి నాకు.”

“అయితే షాపు తెరవండి.”

“అది కాదండీ...”

ఆమె మొహం మీద నీళ్ళు తుడుచుకుని నావైపు చూసింది. “ముందు ఆ ‘గారు’ తీసెయ్. మిగతాది వాన తగ్గాక మాట్లాడుకుందాం.”

వాన తగ్గలేదు. మాట్లాడుకోకపోయినా ఫరవాలేదనిపించింది.

కారం కుదిరింది. దానికొక పేరు కావాలి. నేనే నాయనమ్మని అడిగాను, “మామ్మగారూ, మీ పేరు పెట్టుకోమంటారా?”

ఆవిడ పొంగిపోయింది. “నా పేరా? రేషన్ కార్డు మీద తప్ప ఇంకెక్కడా రాయలేదు రా ఎవరూ. పెట్టుకో. పెద్ద అక్షరాల్లో పెట్టు, నాకు చూపానదు.”

బొమ్మ వేణిని అడిగాను. పుస్తకం అట్ట కోసమని గీసుకున్న బొమ్మ ఒకటుండేది. రోకలి ఆపి, కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ, నోరంతా తెరిచి నవ్వుతున్న నాయనమ్మ. ఆ నవ్వు చూస్తే కారం ఘాటుకి కన్నీళ్ళొచ్చాయో నవ్వలేక వచ్చాయో తెలియదు.

“ఇది నా అట్ట బొమ్మ ఈశ్వర్.”

“అట్టకీ వేసుకో. నా ప్యాకెట్టుకీ ఇవ్వు.”

కాసేపు బొమ్మనే చూసింది. తర్వాత కాగితం నా చేతిలో పెట్టింది. “సరే. వాడుకో.”

ఆ ‘వాడుకో’ అన్న మాట నేను సరిగ్గా వినలేదు. ‘తీసుకో’ అని విన్నాను. నా పొరపాట్లన్నీ అక్కణ్ణుంచే మొదలయ్యాయి.

‘రత్తమ్మ కారాలు’ ఏడాది తిరిగేసరికి భీమవరం, తణుకు, అమలాపురం దాకా పోయాయి. షాపు వెనక షెడ్డు వేశాం. పన్నెండుమంది ఆడవాళ్ళు పనిలోకొచ్చారు. అంతలో ఎవరో అదే పేరుతో, అలాంటి ముసలమ్మ బొమ్మతోనే ప్యాకెట్లు తెచ్చారు. నాన్న కంగారుపడి ఒక ఏజెంటుని పిలిపించారు.

ఏజెంటు చాలా హుషారైన మనిషి. “అన్నీ మీ పేర రిజిస్టర్ చేయించేద్దామండి. పేరు, బొమ్మ, అక్షరాలు, రంగులు. ట్రేడ్‌మార్కనండి, కాపీరైటనండి, అంతా ఒకటే. ఒక్కసారి మీ పేర ఎక్కిందంటే ఇంక ముట్టుకునేవాడుండడు.”

పేరు ఒక మనిషిది కాబట్టి ఒప్పుకుంటున్నట్టు కాగితం కావాలన్నాడు. నాయనమ్మ గుండ్రంగా, ముత్యాల్లాంటి అక్షరాలతో సంతకం చేసిచ్చింది. బొమ్మ సంగతి ఆయన అడగలేదు. నేనూ చెప్పలేదు.

ముందు ప్యాకెట్టు మీద పేరు పక్కన టీఎం అని చిన్న అక్షరాలు వచ్చాయి. ఏడాదిన్నర తర్వాత సర్టిఫికెట్ వచ్చాక, చిన్న గుండ్రంలో ఆర్ వచ్చింది. నాన్న దానికి ఫ్రేము కట్టించారు. నేను మైసూర్‌పాక్ పట్టుకుని లంకలకోడేరు పరిగెత్తాను.

“బొమ్మ కూడా రిజిస్టరయిందా?” అంది వేణి.

“బొమ్మ కూడా. ఇంకెవరూ దొంగిలించలేరు.”

“నేను కూడానా?” అని నవ్వింది.

నేనూ నవ్వాను. అది నవ్వి ఊరుకోవాల్సిన ప్రశ్న కాదని అప్పుడు తెలియలేదు.

ఆ వేసవిలో మా ఇంట్లో పెళ్ళి మాట తెచ్చాను. “వాళ్ళు రైతులు, మనం వ్యాపారస్తులం, ఎలా కుదురుతుందిరా,” అని మొదట గునిశారు నాన్న. వారం తర్వాత, “ఆ రత్తమ్మ గారి మనవరాలంటే కాదనేదేముందిలే,” అన్నారు. శ్రావణంలో మాట్లాడుకుందామనుకున్నాం.

శ్రావణం ఇంకా మూడు నెలలుందనగా, వేణి పుస్తకం అట్టని ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టింది. రాజమండ్రిలో ప్రెస్సు దొరికింది, వచ్చే నెల వస్తుందని రాసింది. అట్ట మీద అదే నవ్వు. పైన ‘రత్తమ్మ కథలు’.

అది ముందు చూసింది ఏజెంటు.

“ఇదేంటండీ, మీ మార్కుని ఇలా వాడేస్తున్నారు? ఒకళ్ళని వదిలారా, రేపు ఆ దొంగ ప్యాకెట్టువాడు కూడా ‘వాళ్ళనేం అనలేదు కదా’ అంటాడు. అసలు వాడి మీద కేసే నీరుగారిపోతుంది.”

నాన్న భయపడ్డారు. నేను వేణికి ఫోన్ చేశాను. ఇక్కడిదాకా రాసి రెండుసార్లు కాగితం చింపేశాను. ఎలా రాసినా ఆ మాటలు నావే.

“ఒక్క మాట చెప్పొచ్చు కదా వేణీ, అట్ట మీద వేసేముందు?”

“ఏం చెప్పాలి? అట్ట కోసమే కదా గీసింది. నీకు తెలుసు కదా.”

“అప్పుడు వేరు. ఇప్పుడు ఆ బొమ్మ కంపెనీది. పేరు కూడా. రిజిస్టరయ్యాయి.”



“మా నాయనమ్మ బొమ్మ గీసుకోడానికి నేను నిన్ను పర్మిషనడగాలా?”

“అలా అనట్లేదు. నువ్వడుగు, నేను వెంటనే ఇస్తాను. రూలు ప్రకారం ఉంటుంది, అంతే.”

“నేనడగను ఈశ్వర్.”

“పంతాలకి పోకు.”

“పంతం కాదు. అడిగితే అది నీదని ఒప్పుకున్నట్టు.”

ఫోన్ పెట్టేసింది. నాకు రోషం వచ్చింది. ఊళ్ళో నాలుగు షాపులవాళ్ళు ‘రత్తమ్మ ఈశ్వర్’ అని పిలవడం అలవాటైన రోజులవి. మూడో రోజు ఏజెంటు నోటీసు టైపు చేయించుకొచ్చాడు. ‘సదరు బొమ్మను, పేరును ఏ రూపంలోనూ, ఎక్కడా వాడరాదు’ అని ఉంది అందులో. ఒకటి వేణికి, ఒకటి ప్రెస్సుకి. నాన్న పెన్ను ఇచ్చారు. నేను చదివాను. చదివే సంతకం పెట్టాను.

భయపడి ఒక ఫోన్ చేస్తుంది, నేను నవ్వి నోటీసు చింపేస్తాను, అంతా సర్దుకుంటుంది అనుకున్నాను. అంత తెలివి.

ఆమె ఫోన్ చెయ్యలేదు. ప్రెస్సువాళ్ళు పని ఆపేశారని మాత్రం తెలిసింది. ఫ్లెక్సు షాపు ముందునుంచి వెళ్ళినప్పుడల్లా ఆమె వీపు కనిపించేది. రెండుసార్లు బండి స్లో చేశాను. ఆపలేదు. వారం నెలయింది, నెల మూడయింది. ఎవరూ ఏమీ మాట్లాడుకోకుండానే శ్రావణం వచ్చింది.

వరలక్ష్మీ వ్రతం మర్నాడు పొద్దున్న, షాపు తెరుద్దామని వెళ్తూ బస్టాండ్ సెంటర్లో ఆగిపోయాను. కరెంటు స్తంభానికి కొత్త ఫ్లెక్సు కట్టి ఉంది. పైన ‘అశ్రునివాళి’. కింద రత్తమ్మ గారు.

బండి మీదే కూర్చుండిపోయాను. వెనకవాళ్ళు హారన్లు కొడుతున్నారు.

ఆ ఫ్లెక్సు ఎవరు చేశారో అక్షరాల తీరు చూస్తేనే తెలుస్తుంది. కానీ మధ్యలో ఉన్నది ఆధార్ కార్డు ఫోటో. పెద్దది చేస్తే మొహమంతా చెదిరిపోయి, ఎవరో భయపెడితే నిలబడ్డట్టున్న ముసలమ్మ. ఆ నవ్వు బొమ్మ లేదు. ‘ఏ రూపంలోనూ, ఎక్కడా వాడరాదు’ అని నేను రాసి పంపాను కదా. ఆమె వాడలేదు.

లంకలకోడేరు వెళ్ళాను. ఇంటి ముందు చెప్పులు, కుర్చీలు, జనం. కాలవ గట్టు మీద అరగంట నిలబడి వెనక్కొచ్చేశాను. ఏ మొహం పెట్టుకుని లోపలికి వెళ్ళాలో తెలియలేదు. ఇప్పటికీ, జరిగినవాటన్నిటిలో, ఆ వెనక్కి తిరగడమే నాకు ఎక్కువ సిగ్గుగా ఉంటుంది.

సోమవారం పొద్దున్నే రాజమండ్రి బస్సెక్కి, లావణ్య గారని ఒక లాయర్ దగ్గరికి వెళ్ళాను. ఏజెంటుని అడగదలుచుకోలేదు. సర్టిఫికెట్, ప్యాకెట్టు, నోటీసు బల్ల మీద పెట్టి, నోటీసు వెనక్కి తీసుకోవాలన్నాను.

ఆవిడ అన్నీ చదివి కళ్ళద్దాలు తీసింది. “పేరు వాడుకోడానికి రత్తమ్మ గారి సంతకం ఉంది. బాగుంది. బొమ్మ ఎవరు గీశారు?”

“వేణి. ఆవిడ మనవరాలు.”

“మీ దగ్గర జీతానికి గీశారా?”

“లేదండి. ఊరికే ఇచ్చింది.”

“బొమ్మ మీద హక్కు మీకు ఇచ్చేస్తున్నట్టు రాసి సంతకం పెట్టారా?”

“లేదండి. వాడుకో అంది.”

లావణ్య గారు కుర్చీలో వెనక్కి వాలింది. “ఏమండీ, ఇది ఆవిడకి మీరు ఇవ్వాల్సిన నోటీసు కాదు. మీకు ఆవిడ ఇవ్వాల్సింది.”

నాకు అర్థంకాలేదు. ఆవిడ నా ప్యాకెట్టు చేతిలోకి తీసుకుంది.

“మీ కొట్టు బోర్డు లాంటిది ట్రేడ్‌మార్కు. కొనేవాడు మోసపోకుండా, ఇది ఫలానావాళ్ళ సరుకు అని చెప్పే గుర్తు. ఇంకో కారం ప్యాకెట్టు మీద రత్తమ్మ అని వేస్తే మీరు ఆపొచ్చు. కానీ పిల్లల కథల పుస్తకం చూసి ఇది కారం అనుకుని ఎవరైనా కొంటారా?”

“కొనరు.”

“మరి! కాపీరైటు సంగతి వేరే. అది చేసినవాళ్ళది. ఆ అమ్మాయి కాగితం మీదనుంచి పెన్సిలెత్తిన క్షణంలోనే బొమ్మ ఆవిడదైపోయింది. ఏ ఆఫీసుకీ వెళ్ళక్కర్లేదు, ఏ ముద్రా అక్కర్లేదు. ఆవిడ బతికున్నన్నాళ్ళూ, ఆ తర్వాత ఇంకో అరవయ్యేళ్ళూ. మీరు దాన్ని మార్కుగా రిజిస్టర్ చేసుకున్నంత మాత్రాన గీసిన చెయ్యి మారిపోదు కదండీ. ఆవిడ తలుచుకుంటే ఈ బొమ్మతో ఒక్క ప్యాకెట్టు కూడా బయటికి పోకుండా ఆపించగలదు.”

“ఆమెకిది తెలియదేమోనండి.”

“ఏమో,” అంది లావణ్య గారు. “తెలిసి ఊరుకున్నారేమో. కనుక్కోండి.”

రెండు కాగితాలు రాయించుకున్నాను. ఒకటి నోటీసు వెనక్కి తీసుకుంటూ. ఇంకోటి, ఆ బొమ్మ వీరవేణిది, మొదటినుంచీ ఆమెదే, ఇక మీదట మా ప్యాకెట్ల మీద వెయ్యం, వేసినందుకు క్షమించమని. నాన్నకి చూపించాను. ఆయన రెండుసార్లు చదివి, గోడ మీద ఫ్రేము వైపు చూశారు. “సంతకం పెట్టమన్నది నేను. నేనూ రానా?” అన్నారు. వద్దన్నాను. పెట్టింది నేను.

పదకొండో రోజు అయిపోయాక, చుట్టాలు వెళ్ళిపోయాక వెళ్ళాను. వేణి పెరట్లో మిరపకాయలు ఎండబెడుతోంది. చిక్కిపోయింది. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు.

“ఆ రోజు కాలవ గట్టు మీద చూశాను నిన్ను,” అంది. “వస్తావనుకున్నా.”

కాగితాలు ఇచ్చాను. నిలబడే చదివింది.

“వేణీ, నాకు తెలియలేదు. బొమ్మ నీదేనని...”

“నాకు తెలుసు.”

“ఎప్పటినుంచి?”

“నోటీసొచ్చిన వారానికే. ప్రెస్సు మేనేజరే ఎవర్నో కనుక్కుని చెప్పాడు. ‘బొమ్మ మీదేనని ఒక్క కాగితం రాసివ్వండి చాలు, ప్రింటు మొదలెడతాం,’ అన్నాడు.”

“మరి ఎందుకు రాయలేదు?”

మిరపకాయల్ని చేత్తో సర్దుతూ మాట్లాడింది. “రాస్తే నీ ప్యాకెట్ల సంగతీ తేలాలి కదా. నీ షెడ్డులో చేసేవాళ్ళలో నలుగురు మా వీధివాళ్ళే. అదొకటి.” ఆగింది. “రెండోది, నువ్వే వస్తావనుకున్నా. నువ్వే వచ్చి, తప్పయిందని నువ్వే అనాలనుకున్నా. నాయనమ్మ రోజూ అడిగేది, ‘బుక్కెప్పుడొత్తాదే’ అని. రేపు నానమ్మా, ఎల్లుండి నానమ్మా అనేదాన్ని. నోటీసు సంగతి చెప్పలేదు. ‘ఆ కుర్రాడేడీ, రాటంలేదు’ అంటే పని ఎక్కువన్నాను.”

పక్కకి దొర్లిన మిరపకాయొకటి తీసి, మిగతావాటిలో వేశాను.

“నిన్నొక్కణ్ణే అనడానికి లేదు ఈశ్వర్. ఒక్క కాగితం రాసుంటే ఆవిడ పుస్తకం చూసుకునేది. నీ మీద పంతంతో నేను రాయలేదు. నీ తప్పు కాగితం మీద ఉంది. నాది ఎక్కడా లేదు, అంతే.”

“పేరు కూడా తీసేస్తాను. ప్యాకెట్లకి ఇంకో పేరు పెడతాను,” అన్నాను.

“వద్దు. పేరు ఆవిడ నీకిచ్చింది, సంతకం పెట్టి మరీ. షాపులో ప్యాకెట్టు చూసినప్పుడల్లా ఎంత మురిసిపోయేదో. అది నీదే. ఉంచు.” కాగితాన్ని మడిచింది. “బొమ్మ నేనిచ్చాను. వాడుకోమని ఇచ్చాను, ఉంచుకోమని కాదు.”

అప్పుడు తోటలోంచి గంగరాజు గారు వచ్చారు. గుండు, భుజం మీద తువ్వాలు. నన్ను చూశారు, కూతుర్ని చూశారు. నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను, ఏమన్నా పడదామని.

“మా అమ్మ ఉంటే నిన్ను తిట్టేది బాబూ,” అన్నారు. “బాగా తిట్టి, ఆనక అన్నం పెట్టేది. నాకు తిట్టడం రాదు.”

కాళ్ళు కడుక్కుని లోపలికి వెళ్తూ, “వేణమ్మా, రెండాకులు వెయ్యి,” అన్నారు.

గోంగూర పప్పు, చల్ల మిరపకాయలు. వేణి వడ్డించింది, నాతో మాట్లాడలేదు. పెట్టింది పెట్టినట్టు తిన్నాను. లేచేటప్పుడు మాత్రం అంది, “శుక్రవారం ప్రెస్సుకి వెళ్తున్నా. నోటీసు పంపింది నువ్వు కాబట్టి నువ్వే వచ్చి చెప్పు.”

“వస్తాను. వేణీ, మన సంగతి...”

“ఇప్పుడది అడక్కు.”

అడగలేదు. శుక్రవారం పొద్దున్న ఆరింటి బస్సుకి పక్కపక్క సీట్లలో కూర్చుని రాజమండ్రి వెళ్ళాం. కిటికీ పక్కన ఆమె. వాన జల్లు లోపలికి కొడుతున్నా అద్దం వెయ్యలేదు. నేనూ వెయ్యమనలేదు.

ప్రెస్సు మేనేజర్‌కి నన్ను నేనే పరిచయం చేసుకున్నాను. “మీకు నోటీసు పంపింది నేనేనండి. తప్పు నాది. ఇదుగో, వెనక్కి తీసుకుంటున్నట్టు కాగితం.” ఆయన నన్ను ఎగాదిగా చూసి, “ఈ ముక్క మూడు నెలల కిందట చెప్తే ఏం పోయేదండీ?” అన్నాడు.

అచ్చుకి ముందు చివరిసారి చూసుకోమని పేజీలన్నీ బల్ల మీద పరిచారు. అట్ట మీద నాయనమ్మ పగలబడి నవ్వుతోంది. రంగుల్లో ఇంత పెద్దగా నేనెప్పుడూ చూడలేదు ఆ బొమ్మని. నా ప్యాకెట్టు మీద అది రెండంగుళాలే ఉండేది. రోలు అంచున మిరప గింజ ఒకటి అంటుకుని ఉందని అప్పుడే కనిపించింది.

“కాపీరైట్ ఎవరి పేర వెయ్యమంటారు?” అన్నాడు మేనేజర్.

“నా పేరే. వీరవేణి.”

“అంకితం పేజీ ఖాళీగా ఉందండి. ఏమన్నా రాస్తారా, తీసెయ్యమంటారా?”

వేణి పెన్ను తీసుకుంది. చాలాసేపు కాగితం మీద చెయ్యి ఆనించి కూర్చుంది. తర్వాత మూడు మాటలు రాసింది.

“నాయనమ్మ రత్తమ్మకి, ఆలస్యంగా.”

నేను ఆ చివరి మాట చూస్తూ ఉండిపోయాను. “ఆ ఆలస్యంలో సగం నాదని కింద రాయి వేణీ,” అన్నాను.

“సగం కాదు,” అంది పెన్ను మూత పెడుతూ. “ముప్పాతిక.”

నవ్వబోయింది, కుదరలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను పక్కకి తిరిగాను, తనని ఏడవనిద్దామని కొంత, నా మొహం కనపడకూడదని కొంత. లోపల మిషన్లు తిరగడం మొదలుపెట్టాయి. ఆ చప్పుడులో మా ఇద్దరి ఏడుపూ ఎవరికీ వినపడలేదు. కాసేపటికి ఆమె చెయ్యి నా చొక్కా చేతిని గట్టిగా పట్టుకుంది. మొదటి కాగితాలు బయటికొచ్చేదాకా వదల్లేదు.